సువార్తమ్మ అనని మాట

నేను ఇన్నేళ్ళుగా మోస్తున్నది ఒక వాక్యం. ఒకే ఒక్క వాక్యం. చదివితే ముచ్చటేస్తుంది. ఏవేవో దేశాల్లో అచ్చయింది. పోస్టర్ల మీద, నేనెప్పుడూ చూడబోని హాళ్ళ గోడల మీద. దాని కింద ‘ఒక మిరపకోత కూలీ’ అని ఉండేది. ఆ మనిషి ఆ మాట అనలేదు. నేనన్నాను. అనేసి, ఆమె నోట్లో పెట్టాను.

ఇంతేనా అంటారు మీరు. ఈ మాత్రానికి ఇంత రాద్ధాంతమా అని. ఆగండి. ఆ వాక్యం పెట్టడం కోసం ఆమె నోట్లోంచి నేనేం తీసి పారేశానో చెబుతాను, అప్పుడనండి.

నా పేరు చెప్పను. మావైపు వాళ్ళు ఎలాగూ పోల్చుకుంటారు, పోల్చుకోనీండి. పర్చూరు దగ్గర ఒక ఊళ్ళో ఇంగ్లీషు టీచర్ని. అది జీతానికి. పేరుకైతే తర్జుమా టీచర్ని. మా ప్రాంతంలో సువార్త సభలు పెడితే బయటిదేశాల నుంచి ప్రసంగం చేసేవాళ్ళు వస్తారు. ఆయన ఇంగ్లీషులో ఒక వాక్యం అనగానే పక్కన నిలబడి నేను తెలుగులో అనాలి. ఆయన గొంతు పెంచితే నేను పెంచాలి. ఆయన చెయ్యెత్తితే నేనెత్తాలి. ఈ పనిలో గుంటూరు నుంచి ఒంగోలు దాకా నన్ను మించినవాళ్ళు లేరు. గొప్పలు పోతున్నానా? పోతున్నాను. నన్ను ముంచింది ఆ గొప్పే కాబట్టి చెప్పక తప్పదు.

ఆ పనిలో ఒక సుఖం ఉంది, బయటివాళ్ళకి తెలియదు. ఆయన ‘ఇవాళ ఎండ బాగా ఉంది’ అని ఊరుకుంటాడు. నేను ‘ఈ మాడ్చేసే ఎండలో పిల్లల్ని చంకనేసుకుని నడిచొచ్చిన తల్లుల్లారా’ అని ఎత్తుకుంటాను. జనం స్తోత్రం స్తోత్రం అని హోరెత్తిస్తారు. ఆయన అదంతా తన మాటకే అనుకుని ఇంకా ఊగిపోతాడు. ఎవరికి నష్టం? నిజంగా అడుగుతున్నాను, ఎవరికి నష్టం? ఎవరికీ కాదు. అలా అలా రెండు మైకుల మధ్యన నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు నా ఇష్టమొచ్చినట్టు వండి వడ్డించడం నాకు అలవాటైపోయింది. అది తప్పన్న ఊహ కూడా ఎప్పుడూ రాలేదు.

ఇక మా స్టెల్లా సంగతి. మా అన్నయ్య కూతురు. హైదరాబాదులో యానిమేషన్ చదివింది. చదివి ఉద్యోగం చేసుకుంటుందనుకుంటే, సెలవలకి ఇంటికొచ్చి వాళ్ళ నాన్న బ్యారన్ మీద కన్నేసింది. బ్యారన్ అంటే పచ్చి పొగాకుని వేడిమీద ఎండబెట్టే గది. కిటికీలుండవు. చిన్న తలుపు, ఎత్తు గోడలు. అన్నయ్య పొగాకు వేయడం మానేశాక అది ఖాళీగా పడుంది. తలుపేస్తే మిట్టమధ్యాహ్నం కూడా చీకటే.

“అత్తా, దీన్ని మించిన థియేటరు ఎక్కడుంటుంది చెప్పు!” అంది.

ఒక గోడకి సున్నం కొట్టించింది. ప్రొజెక్టరు తెచ్చింది. అందులో వేసినవి మనం చూసే సినిమాలు కావు. ఎవరో ఒక్కరే ఇంట్లో కూర్చుని, ఏ కంపెనీ సాయం లేకుండా, గీతలు గీసి, ఇసక పోసి, దారాలు కదిపి, ఫిలిం మీద సూదితో గీరి చేసుకున్న చిన్న చిన్న యానిమేషన్లు. కథుండదు. మాటలుండవు. హీరో లేడు, పెళ్ళి లేదు. మా ఊరివాళ్ళు వాటికి ‘గీతల సినిమా’ అని పేరు పెట్టారు. మొదట్లో పిల్లలొచ్చారు, తర్వాత పిల్లల్ని లాక్కెళ్ళడానికొచ్చిన తల్లులు కూర్చుండిపోయారు. ‘ఏందమ్మా ఇది, తలా లేదు తోకా లేదు’ అంటూనే మళ్ళీ ఆదివారం గుడి అవగానే వచ్చేవాళ్ళు.

ఆ తొలి ఏడాదిలోనే మార్తా వచ్చింది. ఎక్కడో మంచుదేశం. స్టెల్లాకి ఆమె పనంటే ప్రాణం. ఇండియా వస్తోందని తెలిసి, మా బ్యారన్‌కి రమ్మని రాస్తే, వస్తానంది! స్టెల్లా ఇల్లు పీకి పందిరేసింది. ఊరంతా టాంటాం అయింది. ఏమని? దొరసాని వస్తోంది, తర్జుమా టీచరమ్మ మాట్లాడుతుందంట అని. ఈ రెండూ కలిస్తే మావాళ్ళకి ఒకటే అర్థం. సువార్త సభ! ముసలమ్మలు తలనూనె సీసాలు పట్టుకొచ్చారు, ప్రార్థన చేయించుకుందామని. పేరు మార్తా అని తెలిశాక ఇంక చెప్పేదేముంది, మార్తమ్మగారూ మార్తమ్మగారూ అని ఆమె చేతులు వదిలితే ఒట్టు. ఆమెకి ఏమీ అర్థం కాక, ఆ సీసాలన్నీ కానుకలనుకుని ఒక్కొక్కటే తీసుకుని దణ్ణం పెట్టింది. నేను నవ్వాపుకోలేక చచ్చాను.

ఆమె సినిమా వేశారు. ముందు నల్లటి తెర. దానిమీద ఎర్రచుక్క ఒకటి. అది రెండయింది, పదయింది, తెరంతా ఎర్రచుక్కలు వణుకుతున్నాయి. చప్పుడు లేదు. ఉన్నట్టుండి చుక్కలన్నీ విడిపోయి తెలుపు. ఉట్టి తెలుపు. చాలాసేపు. బ్యారన్లో జనం మొహాలన్నీ ఆ తెలుపులో కనపడుతున్నాయి. అయిపోయింది.

‘ఆమెన్’ అన్నారు ఎవరో వెనకనుంచి. అందరూ ‘ఆమెన్’ అన్నారు.

స్టెల్లా బయట జనరేటరు దగ్గరుంది, అది మాటిమాటికీ ఆగిపోతుంటే. లోపల ఇంగ్లీషూ తెలుగూ రెండూ వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మా స్కూలు పిల్లలున్నారు గాని, వాళ్ళకొచ్చింది నేను చెప్పిన ఇంగ్లీషే కదా, భయం లేదు. మార్తా లేచి, మీకేం కనపడిందో చెప్పండి అని అడిగింది. నేను దాన్ని దండిగా తెలుగు చేశాను. అప్పుడు తలుపు దగ్గర్నుంచి సువార్తమ్మ లేచింది.

సువార్తమ్మ మా సంఘంలో మనిషే. మిరపకోతలకీ పత్తి తీతలకీ ఆడవాళ్ళ ముఠాని తీసుకెళ్తుంది. గట్టి మనిషి, గట్టి గొంతు. అంతకు కొన్నేళ్ళ ముందు కౌలుకి తీసుకున్న పత్తిని పురుగు తినేసింది. ఆ ఏడు ఆమెని గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. తిరిగొచ్చింది. కడుపునొప్పి అన్నారు ఇంటివాళ్ళు. కడుపునొప్పి కాదని ఊళ్ళో కోడిపిల్లకి కూడా తెలుసు. అయినా అందరం కడుపునొప్పే అన్నాం. గుళ్ళో కడుపునొప్పి తగ్గినందుకు కృతజ్ఞతా ప్రార్థన కూడా చేశాం. నేనూ చేశాను.

ఆమె ఆ రోజు అన్న మాటలు ఇవి. అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. ఉండవు మరి?

“అమ్మా, నేనిది ముందే చూశా. పురుగుల మందు తాగి పత్తిచేలో గట్టుమీద పడిపోయినప్పుడు నాకిట్టానే కనపడింది. ముందు ఎర్రగా చుక్కలు చుక్కలు. తర్వాత తెల్లగా అయిపోయింది. ఏమీ లేదు. నేనెవరికీ చెప్పలా ఇప్పటిదాకా. ఈమెకెట్టా తెలిసిందో కాస్త అడగండి టీచరమ్మా.”

ఆమె తోడికోడలు చీరకొంగు పట్టుకుని కిందికి లాగుతోంది. ఆమె కూర్చోలేదు. నావైపే చూస్తోంది. మార్తా కూడా నావైపే చూస్తోంది, ఏమంటోందీ ఈమె అన్నట్టు నవ్వుమొహం పెట్టి.

నేను మార్తావైపు తిరిగి ఇంగ్లీషులో అన్నాను: “కల్లంలో ఎండబోసిన మిరపకాయలన్నీ ఎగిరి వెళ్ళి పత్తిచేలో వాలినట్టుందట ఈమెకి.”

ఎక్కడినుంచి వచ్చింది ఆ మాట? ఆలోచించలేదు. నోరు తెరిస్తే వచ్చేసింది. మార్తా రెండు చేతులూ గుండెలమీద పెట్టుకుంది. ఎంత అందమైన మాట, ఈ మాట నేను జన్మలో మరవనని చెప్పండి అంది. ఇప్పుడు దాన్ని సువార్తమ్మకి తెలుగులో చెప్పాలి నేను.

ఇక్కడే ఆగిపోతే ఎంత బాగుండేది! ఒక్క అబద్ధంతో పోయేది. నేను సువార్తమ్మవైపు తిరిగి, సభలో మాట్లాడే గొంతుతో, “దేవుడు నిన్ను కాపాడాడు, కాని అది పాపం, ఆయన దగ్గర ఒప్పుకో, ఇంకెప్పుడూ ఆ మాట నలుగురిలో ఎత్తొద్దు అంటున్నారు మార్తమ్మగారు” అన్నాను.

మార్తా నవ్వుతూనే ఉంది. ఎంతో ప్రేమగా సువార్తమ్మకేసి చూసి తలూపుతోంది.

సువార్తమ్మ ఆ నవ్వు చూసింది. నన్ను చూసింది. “అట్టాగా” అంది. కూర్చుంది. ఆ తర్వాత నేను ఇంకెవరి మాటో తర్జుమా చేశాను, జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు, టీ ఇచ్చారు.

అదండీ. ఒక మనిషి తన బతుకులో ఒక్కసారి నోరు విప్పి ఒక్క ప్రశ్న అడిగింది. ఆ ప్రశ్నని నేను మధ్యలోనే పీక నులిమాను. పైగా జవాబు పేరుతో ఆమె నోరు మూయించాను. అది కూడా వేరేవాళ్ళ పేరుమీద.

ఎందుకు చేశాను? చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నది, ఆమె పరువు కోసం అని. ఇంటివాళ్ళు దాచుకున్నది పరాయిదేశం మనిషి ముందు బయటపడకూడదని. సంఘానికి చెడ్డపేరు రాకూడదని. ఇవన్నీ నేను తర్వాత కుట్టుకున్నవి. ఆ క్షణంలో నాకు వచ్చింది కోపం. అంత చక్కగా, కిలకిలా సాగుతున్న నా సభని ఆమె పాడు చేసింది. నా సభ! సినిమా మార్తాది, బ్యారన్ అన్నయ్యది, కష్టం స్టెల్లాది, నాది ఏముందని? అయినా నాకు కోపమొచ్చింది, ఆ కోపంతో పాపం అనే మాట తీసి ఆమె మొహాన కొట్టాను.

తర్వాత ఏడాది మార్తా సినిమా పోస్టరు ఫోనులో చూపించింది స్టెల్లా. మిరపకాయలూ పత్తిచేనూ. “చూడత్తా, మన సువార్తమ్మ పెద్దమ్మ ఎంత మాట అందో! నేను చెప్పొస్తానుండు.” “నేను చెబుతాలే, నువ్వు కూర్చో” అన్నాను. చెప్పలేదు. స్టెల్లా హైదరాబాదు వెళ్ళిపోయింది. ఏటా ఒకసారి వచ్చి ప్రదర్శన పెట్టేది. ఏటా సువార్తమ్మ వచ్చేది. తలుపు దగ్గరే కూర్చునేది. అన్నీ చూసేది. మాట్లాడమంటే తల అడ్డంగా ఊపేది.

ఇప్పుడు మీకు మాత్రమే చెప్పే సంగతి ఒకటి. ఏళ్ళ తర్వాత ఒక రోజు మైకులో నేను అన్నీ చెప్పాను గాని ఇది చెప్పలేదు, నోరు రాలేదు. ఆ వాక్యమంటే నాకు ఇష్టం. పోస్టరు మీద చూసిన రోజు సిగ్గుపడలేదు, మురిసిపోయాను. ఇంట్లో తలుపేసుకుని రెండుసార్లు పైకి చదువుకున్నాను. బ్యారన్లో సువార్తమ్మని చూసిన ప్రతిసారీ మొహం తిప్పుకునేదాన్ని, ఆ వాక్యం గుర్తొస్తే మాత్రం ఎక్కడో ఒక మూల, అబ్బ ఎంత బాగా అన్నానే అనిపించేది. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయి? ఉన్నాయి. ఏం చేయను?

ఇలా ఏళ్ళు గడిచాయి. గీతల సినిమా మా ఊరు దాటింది. చుట్టుపక్కల పాడుబడ్డ బ్యారన్లలో వేశారు, స్కూళ్ళలో వేశారు. చూడడం అయింది, ఇక చేద్దాం అంది స్టెల్లా. ఒక వేసవిలో మిరప పనులు అయిపోయాక మా స్కూల్లో నేర్పడం మొదలుపెట్టింది. గాజుపలక కింద లైటు పెట్టి, పైన మిరప గింజలు పోసి, వేలితో రవ్వంత జరిపి ఒక ఫోటో, మళ్ళీ రవ్వంత జరిపి ఒక ఫోటో. కుర్రాళ్ళు మధ్యాహ్నానికే పారిపోయారు. సువార్తమ్మ ముఠా మాత్రం కూర్చుంది. ఎండలో వంగి కాయలు కోసినవాళ్ళకి ఫ్యాను కింద కూర్చుని గింజలు జరపడం లెక్కా? పొద్దస్తమానం ఒకర్నొకరు ఏడిపించుకుంటూ, పాటలు పాడుకుంటూ, గింజల ఘాటుకి తుమ్ముకుంటూ చేశారు. నేను మాత్రం ఆ వేసవంతా కాపలా కాశాను, స్టెల్లా నోట మిరపకాయల వాక్యం ఎక్కడ జారుతుందోనని. ఇద్దరూ మాట్లాడుకుంటుంటే మధ్యలో టీ పట్టుకుని దూరేదాన్ని. ఎంత నవ్వులాట బతుకండీ!

వాళ్ళు చేసిందేమిటో నేను చూడలేదు. సువార్తమ్మ చూడనివ్వలేదు. అది ముందు బయట ఊళ్ళకి వెళ్ళింది. వెళ్ళినచోటల్లా గెలిచింది. ఆ తర్వాత మా బ్యారన్‌కి వచ్చింది.

ఆ రోజు చూడాలి మా ఊరిని! పక్క ఊళ్ళనుంచి ఆటోల్లో, ట్రాక్టర్లలో దిగారు. బ్యారన్లో పట్టక బయట టార్పాలిన్లతో చీకటి పందిరి వేసి లోపలి గోడని బయటికి తెచ్చినంత పెద్ద తెర కట్టారు. ముఠా ఆడవాళ్ళందరూ ఒకే రంగు చీరలు. మార్తా కూడా వచ్చింది, జుట్టు నెరిసింది, నవ్వు అదే. తర్జుమాకి ఎవరు? ఇంకెవరు!

సినిమా వేయబోయే ముందు మార్తా మైకు తీసుకుంది. సువార్తమ్మని పక్కకి పిలిచి భుజంమీద చెయ్యేసింది. ఈ తల్లి అప్పుడన్న మిరపకాయల మాట లేకపోతే నేను ఆ తర్వాత బొమ్మ గీసేదాన్ని కాదు, ఆ మాటే నన్ను నిలబెట్టింది అంది. అని, చెప్పండి అన్నట్టు నాకేసి చూసింది.

నాకు చటుక్కున ఒక దారి కనపడింది. మిరపకాయలన్న ముక్క ఒక్కటి మింగేస్తే చాలు. నేను తెలుగులో అన్నాను: “అప్పుడు నువ్వన్న మాటే నన్ను నిలబెట్టింది అంటున్నారు.”

చూశారా? అప్పుడు కూడా. అన్నేళ్ళ తర్వాత కూడా.

సువార్తమ్మ మొహం వెలిగిపోయింది. వెంటనే ముడుచుకుంది. “ఆ మాటా? గుర్తుందా ఆమెకి?” అంది. “మరి పాపమంది గదా అప్పుడు? నలుగురిలో ఎత్తొద్దంది. నేను అందుకేగా మాటల్లో చెప్పకుండా గింజల్లో చెప్పుకుంది! ఇప్పుడేమో ఆ మాటే నిలబెట్టిందంటందేంది? అడగండి టీచరమ్మా. సరిగ్గా అడగండి.”

స్టెల్లా ఈసారి లోపలే ఉంది. ప్రొజెక్టరు పక్కన. తలెత్తి నాకేసి చూసింది. ఏదో ఒకటి అల్లొచ్చు. అల్లడం నాకు చేతకాదా? అల్లికలో నన్ను మించినవాళ్ళు లేరు. నోరు తెరిచాను.

“ఆమె అనలేదు” అన్నాను తెలుగులో. “పాపమని నేనన్నాను. ఆమె పేరు పెట్టి నేనన్నాను.” మార్తావైపు తిరిగి ఇంగ్లీషులో అన్నాను, “మిరపకాయల మాట ఈమెది కాదు. నాది. ఈమె అన్నది వేరు.” మళ్ళీ ఇటు తిరిగి ఆ మాటనే తెలుగులో చెప్పాను. మళ్ళీ అటు తిరిగి పాపం సంగతి ఇంగ్లీషులో చెప్పాను. నా తప్పుకి నేనే తర్జుమా చేసుకుంటున్నాను. ఒక్క ముక్క ఎక్కువ లేదు, ఒక్క ముక్క తక్కువ లేదు. నా గొంతు నాకే కొత్తగా ఉంది. సన్నగా, ఏ హంగూ లేకుండా.

“ఎందుకన్నారు?” అంది సువార్తమ్మ.

పరువు కోసం అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. “కోపమొచ్చి” అన్నాను. “నా సభ పాడు చేశావని.”

జనంలో గోల లేచింది. మా సంఘపెద్ద ఒకాయన, “పోనీలే సువార్తమ్మా, పెద్దామె, చెప్పుకుంది గదా, వదిలెయ్” అన్నాడు.

“నేనెందుకు వదలాలయ్యా?” అంది ఆమె. ఆ గొంతుకి టార్పాలిన్లు అదిరాయి. “ఇన్నేళ్ళు నోరు మూసుకుంది నువ్వా నేనా? వదల్ను. నా ఇష్టం.” నావైపు తిరిగింది. “ముందు అప్పుడు నేనడిగింది అడగండి ఆమెని. ఇప్పుడు అడగండి.”

“అందరిముందునా?” అన్నాను.

“అప్పుడూ అందరిముందే అడిగా గదా.”

అడిగాను. మందు, పత్తిచేను, గట్టు, ఎర్రచుక్కలు, తెలుపు. నీకెట్టా తెలిసింది అని. మార్తా మొహంమీద నవ్వు మెల్లగా పోయింది. ఆ నవ్వు లేకుండా ఆమెని నేనెప్పుడూ చూడలేదు. నెమ్మదిగా, ఒక్కొక్క మాటా ఏరుకుంటూ చెప్పింది. నేను ఒక్కొక్క మాటా అలాగే సువార్తమ్మకి అందించాను.

“నేను కూడా అక్కడిదాకా వెళ్ళి వచ్చినదాన్నే. ఆ సినిమా అదే. ఎక్కడా ఎవరికీ చెప్పలేదు. మిరపకాయలన్న మాట విన్నప్పుడు, హమ్మయ్య, ఎవరూ కనిపెట్టలేదు అనుకున్నాను. ఆ మాట వెనక దాక్కున్నాను. నువ్వు కనిపెట్టావని నాకు తెలిసుంటే, ఆ రోజే వచ్చి నీ పక్కన కూర్చునేదాన్ని.”

సువార్తమ్మ నా జబ్బ పట్టుకుని పక్కకి జరిపింది, మంచం జరిపినట్టు. వెళ్ళి మార్తా ఎదురుగా నిలబడింది. ఆమె చెంపలు రెండు అరచేతులతో పట్టుకుని, తన కణతలకి మెటికలు విరుచుకుంది. ఇద్దరూ ముందు వరసలో చాపమీద కూర్చున్నారు. చేతులు పట్టుకుని. మధ్యలో నేను అక్కర్లేదు. ఇన్నేళ్ళలో నేను అక్కర్లేదన్న సభ అదొక్కటే, నాకు అంత హాయిగా ఉన్న సభ కూడా అదే.

“ఏందట్టా చూస్తన్నారు? నా బొమ్మ వెయ్యండి!” అని అరిచింది సువార్తమ్మ.

వేశారు. తెరమీద గింజలు పారాయి. గట్టు అయ్యాయి, చేను అయ్యాయి. పడుకున్న ఆడమనిషి అయ్యాయి. ఆ మనిషి మెల్లగా గింజ గింజగా చెదిరిపోతుంటే పందిట్లో ఎవరో వెక్కారు. అప్పుడు తెరకి నాలుగు పక్కలనుంచీ చేతులొచ్చాయి. నిజం చేతులు. ముఠా ఆడవాళ్ళవి. కాయల పనికి మొరటుబడ్డ వేళ్ళు. గింజల్ని దోసిళ్ళతో దగ్గరికి లాగాయి. పోతున్న వాటిని పోనివ్వలేదు. మళ్ళీ మనిషిని చేశాయి. ఆ మనిషి లేచి కూర్చుంది. లేచి నిలబడింది! అబ్బ, ఆ చప్పట్లు! ఈలలు! ముసలమ్మలు స్తోత్రం అన్నారు, కుర్రాళ్ళు ఒరేయ్ మళ్ళీ వెయ్యండ్రా అని కేకలు. మళ్ళీ వేశారు. మూడోసారీ వేశారు. ముఠా ఆడవాళ్ళు లేచి తెరముందు వరసగా నిలబడి చేతులెత్తి చూపించారు, ఇవే ఆ చేతులు అని. కూతురి పెళ్ళిలో కూడా నేనంత ఏడవలేదు, అంత నవ్వలేదు.

ఆ గోలలో నాకో దొంగ ఊహ వచ్చింది. నేనలా నోరు మూయించబట్టే కదా ఈమె ఇంత గొప్పపని చేసింది అని. దాచుకోకుండా చెబుతున్నాను, వచ్చింది. ఆ సాయంత్రం టీ దగ్గర సంఘపెద్ద అదే మాట పైకి అన్నాడు కూడా, అంతా మన మంచికే అని. సువార్తమ్మ గ్లాసు కింద పెట్టింది.

“నన్ను చేనులోంచి ఎత్తుకెళ్ళింది ఈ ఆడోళ్ళు. గింజలు జరిపింది ఈ ఆడోళ్ళు. ఇందులో టీచరమ్మది ఏముంది?” అంది.

ఏమీ లేదు. నిజమే.

నన్ను ఆమె క్షమించలేదు. నేను అడగలేదు కూడా. అడిగితే సరేలే అంటుందేమోనని భయం, ఆ సరేలే నాకు అక్కర్లేదు. మార్తా ఆ వాక్యాన్ని తన పోస్టర్ల మీద నుంచి తీయించేసింది. అందులో ఒక్కటైనా దాచుకోవాలనిపించలేదా? అనిపించింది. దాచుకోలేదు.

మొన్న గుంటూరులో కాలేజీవాళ్ళు ముఠా సినిమా వేసి సువార్తమ్మని పిలిచారు. బయటిదేశాలనుంచి ఎవరెవరో వచ్చారు. తర్జుమాకి టీచరమ్మే రావాలి అని పట్టుబట్టింది. వేరేవాళ్ళయితే సుఖం గదమ్మా అని స్టెల్లా అంటే, “ఈమె చేసింది నాకు తెలుసు, ఈమెనయితే కనిపెట్టుకుని ఉంటా” అందట. వెళ్ళాను. పెద్ద హాలు, నిండిపోయింది. ఒకాయన లేచి, మీరు ఎందుకు బతికారని మీకనిపిస్తుంది అని ఇంగ్లీషులో అడిగాడు. ఎంత మాట! మెత్తగా చేసి అడుగుదామా అని ఒక్క క్షణం... లేదు. ఉన్నది ఉన్నట్టు అడిగాను.

“ఎత్తుకెళ్ళారు గాబట్టి” అంది సువార్తమ్మ.

అంతే అంది. నేనూ అంతే అన్నాను, ఇంగ్లీషులో. ఆమె మైకు పక్కకి తీయకుండానే నావైపు తిరిగింది.

“ఏమన్నా కలిపారా?”

హాలు హాలంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మైకు నోటి దగ్గర పెట్టుకున్నాను.

“కలపలేదు” అన్నాను.